సూడి గొర్రెల లడ్డూలు

డాక్టర్ మురహరిది పెద్ద గొంతు. వాగు అవతలి గట్టున మేస్తున్న మందను ఇవతలి గట్టు నుంచి పిలవగలిగిన గొంతు వాళ్ల నాయనది. నాయన గొర్రెలమ్మేసి చాలా ఏళ్లయినా ఆ గొంతు మాత్రం కొడుక్కి మిగిలింది. పశుపోషణలో పెద్ద చదువు చదివి, ఎర్రగుట్ట గొర్రెల పరిశోధన క్షేత్రంలో శాస్త్రవేత్తగా చేరాక కూడా అది తగ్గలేదు. అతడు గ్రంథాలయంలో గుసగుసలాడితే పక్క గదిలో టైపు చేసుకుంటున్న గుమాస్తా "పిలిచిండ్రా సార్?" అంటూ లేచి వచ్చేవాడు.

అంత గొంతున్న మనిషిని మూగవాణ్ణి చేసే సంగతి ఒకటుంది. తొలిచూలు గొర్రె ఈనినప్పుడు పిల్ల లేచి నిలబడటానికే తంటాలు పడుతుంది. నిలబడ్డాక తల్లెవరో తెలియక ఏ గొర్రె దగ్గరికో పోతుంది. ఆ గొర్రె కుమ్మి అవతల పారేస్తుంది. ఈలోగా కన్నతల్లి నాకడం మానేసి మేతలో పడుతుంది. తెల్లారి చూస్తే, పొదుగు నిండా పాలున్న తల్లి పక్కనే పిల్ల ఆకలితో చచ్చి ఉంటుంది. అలాంటి పిల్లల్ని గొంగడిలో చుట్టుకుని నాయన గుట్ట వెనక్కి పోవడం మురహరి చిన్నప్పుడు చాలాసార్లు చూశాడు.

అందుకే ఆ లడ్డూ తయారుచేశాడు.

గొర్రెపిల్ల కడుపులో ఉండగానే, చివరి రెండు నెలలూ, బయటి శబ్దాలు వింటుంది. కాకపోతే విన్నదాన్ని పట్టి ఉంచుకునేంతగా దాని మెదడు అప్పటికి ఎదగదు. ఆ లోటును తల్లి మేతతోనే పూడిస్తే? సముద్రపు నాచులో ఒక రకం నుంచి మురహరి ఒక నూనె తీశాడు. అది తల్లి రక్తంలోంచి పిల్లకు చేరి, పుట్టకముందే దాని జ్ఞాపకాన్ని గట్టిపరుస్తుంది. అప్పుడు పిల్ల తన తల్లి గొంతు నేర్చుకునే బయటికి వస్తుంది. పుట్టగానే నేరుగా పొదుగు దగ్గరికి పోతుంది. ఆలోచన వరకు చాలా బాగుంది.

చిక్కల్లా ఆ నూనె కంపుతో వచ్చింది. కుళ్లిన చేపల బుట్ట మూత తీసినట్టుండేది. మేతలో కలిపితే గొర్రెలు తొట్టి దరిదాపులకు రాలేదు. మురహరి బెల్లం, తెలకపిండి, అవిసెలు దంచి, ఆ నూనె పోసి లడ్డూలు చుట్టాడు. వాటినైనా గొర్రెలు ఊరికే తినలేదు. ఒక్కొక్క దాని గడ్డం పట్టుకుని, బుజ్జగించి, నోట్లో పెట్టాలి. షెడ్డు చూసుకునే కుర్మయ్య మొదటి రోజే చేతులెత్తేశాడు.

"నా పెండ్లాం నీళ్లోసుకున్నప్పుడు గూడ నేనింత మర్యాద జెయ్యలె సారూ," అన్నాడు. నూనె కలపకముందు లడ్డూ పిండి రుచి చూసే పని మాత్రం అతడు ఏ రోజూ మానలేదు.

దాంతో పొద్దునా సాయంత్రం ఆ పని మురహరే చేసుకోవలసి వచ్చింది. సరిగ్గా ఆ రోజుల్లోనే అతడికి పెళ్లి కుదిరింది. అమ్మాయి పేరు స్వరూప. జిల్లా కేంద్రంలోని బస్టాండులో, విచారణ కౌంటరులో కూర్చుని, ఏ బస్సు ఏ ప్లాట్‌ఫారం మీదికి వస్తుందో మైకులో చెప్పడం ఆమె ఉద్యోగం. అంతకుముందు ఆమెకు ఒక సంబంధం నిశ్చితార్థం దాకా వచ్చి తప్పిపోయింది. పిల్ల గొంతు మరీ పెద్దది, ఇంట్లో వేగలేమని వాళ్లు వెనక్కి తగ్గారు. పెళ్లిచూపుల్లో ఈ సంగతి స్వరూపే దాచకుండా చెప్పింది. మురహరి ఇల్లదిరిపోయేలా నవ్వి, "నా ముందట నీదొక గొంతేనా!" అన్నాడు. ఆమెకు ఆ మాట నచ్చింది. గొర్రెలు ఈని, పిల్లలు కాస్త నిలదొక్కుకున్నాక ముహూర్తం పెట్టుకున్నారు.

ఇద్దరికీ తీరిక దొరికేది లడ్డూల వేళలోనే. చేతులు రెండూ బెల్లం జిడ్డుగా ఉండేవి కాబట్టి మురహరి ఫోను చొక్కా జేబులో వేసుకుని స్పీకరు పెట్టేవాడు.

"క్వార్టర్లల్ల పాములొస్తయట గదా?" ఆమె గొంతు జేబులోంచి ఖంగున మోగేది.

"ఎవరు జెప్పిండ్రు నీకు? వస్తె చిన్న చిన్నయి వస్తయి!"

"చిన్నయి వచ్చినా నేను రాను. టౌన్ల ఇల్లు సూడుండ్రి."

"టౌన్ల ఉంటె నా గొర్లనెవరు జూస్తరు?"

"మరి గొర్లనే జేస్కోకపోయిండ్రా పెండ్లి!"

గొర్రెలు లడ్డూలు నములుతూ వినేవి. పెళ్లిలో బగారన్నమా పులిహోరా, బ్యాండు మేళమా సన్నాయా, కార్డు మీద ఎవరి పేరు పెద్ద అక్షరాల్లో ఉండాలి... ఇలా ఏదో ఒకటి రోజూ ఉండేది. దూరం నుంచి వినేవాళ్లకు అది కొట్లాట. వాళ్లిద్దరికీ మాత్రం మాట్లాడుకోవడమంటే అదే.

మొదట ఈనింది నల్లమూతి గొర్రె. దానికిది తొలిచూలు. పిల్ల కింద పడి, తల విదిల్చి, తల్లి నాకడం మొదలుపెట్టీ పెట్టకముందే నాలుగు కాళ్ల మీద నిలబడింది.

"అరెరెరె! సూసినవా కుర్మన్నా! ఎట్ల నిలవడ్డదో సూసినవా!" మురహరి ఎగిరి గంతేశాడు.

పిల్ల చెవులు నిక్కబొడిచింది. తల్లి ముఖమైనా చూడకుండా, దాని కడుపు కింద నుంచి దూరి, టకటకా నడుచుకుంటూ వచ్చి, మురహరి ప్యాంటు మోకాలి దగ్గర నోట్లో పెట్టుకుని చీకడం మొదలుపెట్టింది.

"తొవ్వ తప్పినట్టుంది పాపం," అని మురహరి దాన్ని ఎత్తి తల్లి ముందు దించాడు. అతడు నోరు మూసేలోగా అది మళ్లీ మోకాలి దగ్గరుంది.

ఆ వారం గడిచేసరికి షెడ్డు నిండా పిల్లలు. అన్నీ పుట్టీపుట్టగానే లేచి నిలబడ్డాయి. అన్నీ మురహరి చుట్టూ చేరాయి. అతడు కుడికి తిరిగితే కుడికి, ఎడమకు తిరిగితే ఎడమకు. కుర్చీలో కూర్చుంటే ఒడిలో రెండు, భుజాల మీద కాళ్లు వేసి మరొకటి.

డైరెక్టరు శేషగిరిరావు గారు గుంటూరు వైపు మనిషి. ఆనందం పట్టలేకపోయాడు. "అద్భుతమండీ మురహరి గారూ! పుట్టిన పిల్ల పరిగెడుతోందండీ! దాణా కంపెనీ వాళ్లకి ఇప్పుడే ఫోన్ చేసి చెబుతాను."

"పాలు తాగుతలేవు సార్," అన్నాడు మురహరి.

"అదెంతండీ, చిన్న విషయం."

అది చిన్న విషయం కాదు. తల్లులు కట్టు గుంజల దగ్గర నిలబడి అరుస్తున్నాయి. పాలు తాగేవాళ్లు లేక పొదుగులు రాయిలా గట్టిపడ్డాయి. కుర్మయ్య పాలు పిండి సీసాలో పట్టిస్తే పిల్లలు ఉమ్మేశాయి. ఒకటి అప్పటికే నీరసించి తల వేలాడేస్తోంది. మురహరి దాన్ని ఎత్తుకుపోయి, తల్లి పక్కన మోకాళ్ల మీద కూర్చుని, చన్ను నోటికందిస్తూ బతిమాలాడు. "తాగు బిడ్డా. మీ అమ్మనే గదా. ఒక్క గుక్క తాగు నాయినా."

పిల్ల గుటకలు వేసింది. మురహరి ఊపిరి పీల్చుకోవడానికి ఆగాడు. పిల్ల కూడా ఆగింది. అతడు మళ్లీ మాట్లాడాడు. అది మళ్లీ తాగింది.

అప్పుడతడికి అర్థమైంది, తనేం చేశాడో. లడ్డూ పని చేసింది. పిల్లలు కడుపులోనే తల్లి గొంతు నేర్చుకున్నాయి. కాకపోతే ఆ రెండు నెలలూ షెడ్డులో అన్నిటికంటే గట్టిగా వినిపించిన గొంతు గొర్రెది కాదు, తనది. మామూలు మేత తిన్న గొర్రెలు అవతలి షెడ్డులో మామూలుగానే ఈని, వాటి పిల్లలు మామూలుగానే తడబడుతూ తల్లుల్ని వెతుక్కుంటున్నాయి.

ఆ రోజు నుంచి మురహరి మాట్లాడుతూనే ఉండవలసి వచ్చింది. ఒక్కొక్క పిల్లను తల్లి దగ్గర నిలబెట్టి, అది కడుపు నింపుకునేదాకా ఏదో ఒకటి మాట్లాడాలి. ఎక్కాలన్నీ చెప్పాడు. పశుపోషణ పాఠాలు చెప్పాడు. తన ఊరి నుంచి హైదరాబాదు దాకా దారిలో వచ్చే ఊళ్ల పేర్లు చెప్పాడు. మేనమామ రెండో పెళ్లి కథ చెప్పాడు.

"సారూ, ఈ మేనమామ కత నిన్న గూడ జెప్పిండ్రు," అన్నాడు మంచినీళ్లు తెచ్చిన కుర్మయ్య.

"గొర్రెపిల్లలకు తెలుస్తదా ఏంది?"

"వాటికి తెల్వదు. నేను గూడ ఈడనే ఉంటిని గదా!"

గొంతు రికార్డు చేసి లౌడ్‌స్పీకరు పెట్టి చూశారు. పిల్లలు పరుగున వచ్చి, వాసన చూసి, చుట్టూ తిరిగి, మోకాలు కనబడక, ఒకటి దాని మీద ఉచ్చ పోశాక, అన్నీ వెనక్కి మురహరి దగ్గరికే వచ్చేశాయి.

నవ్వొచ్చే సంగతులు నవ్వొచ్చేవే. అయితే నల్లమూతి గొర్రె మాత్రం మేత ముట్టడం మానేసింది. తన పిల్ల మురహరి వెంట తిరుగుతుంటే అదీ అతడి వెనకాలే తిరిగేది. అతడు తిరిగి చూస్తే ఆగి, అతడి ముఖంలోకి చూసేది. మురహరి ఆ చూపు తట్టుకోలేక తల తిప్పుకునేవాడు. "నీ బిడ్డను నేను గుంజుకున్నట్టయింది గదనే," అని ఒకసారి దానితో అనబోయాడు. ఆ మాటకు కూడా పిల్ల అతడి వైపే పరిగెత్తుకొచ్చింది.

ఇంతలో పెళ్లి చీరలకు నారాయణపేట పోవలసిన రోజు వచ్చింది. మురహరి పోలేకపోయాడు. మరో రోజు పెట్టుకున్నారు. అదీ కుదరలేదు. మూడోసారి కూడా రాకపోతే ఇక మాట్లాడేది లేదని స్వరూప తేల్చి చెప్పింది. పిల్లలకు కడుపు నింపి, అవి నిద్రలో ఉండగా, మురహరి పెదవి విప్పకుండా బండిని తోసుకుంటూ గేటు దాకా వచ్చాడు. గేటు దగ్గర వాచ్‌మన్ సలాం కొట్టి, "పెండ్లి పనులా సార్?" అని పలకరించాడు.

"అవ్! చీరలకు పోతున్న!" అన్నాడు మురహరి, అలవాటు కొద్దీ.

వెనక వెదురు తడిక విరిగిన చప్పుడైంది. మురహరి బండి స్టార్టు చేసి ఉరికించాడు. అద్దంలో చూస్తే రోడ్డు నిండా గొర్రెపిల్లలు, చెవులు ఎగరేసుకుంటూ వస్తున్నాయి. వాటి వెనక హారన్ కొడుతూ బస్సు. బస్సు వెనక ఒక పెళ్లి ట్రాక్టరు. ట్రాక్టరులో బ్యాండు వాళ్లు, గొర్రెల ఊరేగింపు ఎవరిదో తెలియక, ఎందుకైనా మంచిదని వాయించడం మొదలుపెట్టారు. అట్లా ఊరు దాటేసరికి పిల్లలు నాలుకలు బయటపెట్టి ఒక్కొక్కటే రోడ్డు మీద చతికిలపడ్డాయి. మురహరి బండి ఆపక తప్పలేదు. వాటిని ఏరుకుని, చేతులు జోడించి, తిరిగి వచ్చే బస్సు ఎక్కించాడు. వీటిని ప్రయాణికుల కింద లెక్కగట్టాలా సామాను కిందా అని కండక్టరు ఆలోచిస్తుండగానే ఎర్రగుట్ట వచ్చేసింది.

మర్నాడు స్వరూప తనే వచ్చింది. బస్సు దిగి, గేటు దగ్గర నిలబడి, చెంగు నడుముకు దోపుకుంది.

"ఓ డాక్టర్ సాబూ! బైటికి రాండ్రి జర! పెండ్లి నాతోనా, ఆ గొర్లతోనా, ఇయ్యాల తేలాలె!"

షెడ్డులో మురహరి చుట్టూ ఉన్న పిల్లలు ఒక్కసారిగా తలలెత్తాయి. మరుక్షణం సగం పిల్లలు గేటు వైపు దూసుకుపోయాయి. స్వరూప కెవ్వుమని వెనక్కి గెంతేలోపు ఒకటి ఆమె చెంగు నోట్లో పెట్టుకుంది, రెండోది కుచ్చిళ్లలో తల దూర్చింది.

"ఏందివి? నన్నెందుకు వట్టుకున్నయి? నేనేం లడ్డూలు వెట్టలె!"

మురహరి తన చొక్కా జేబును తడుముకున్నాడు. "నీ గొంతు... రోజూ స్పీకర్ల విన్నయి గదా. నువ్వు గూడ అమ్మవే వీటికి!"

"నాకింక పెండ్లే కాలె!" అని ఆమె అరిచింది. ఆ అరుపుకి మిగతా సగం కూడా వచ్చేశాయి.

ఆమె వచ్చింది కొట్లాడటానికే. కొట్లాడింది కూడా. మూడుసార్లు చీరల దుకాణంలో తానూ వాళ్లమ్మా ఎట్లా కూర్చున్నారో, దుకాణం వాడు మూడోసారి చాయ్ కూడా పోయలేదని, అన్నీ దులిపేసింది. మురహరి తన గోడు తను చెప్పాడు. ఇద్దరి గొంతులూ షెడ్డు రేకులకు తగిలి మోగుతుంటే కుర్మయ్య పరుగున వచ్చాడు.

"ఆపకుండ్రి! సారూ, బిడ్డా, ఆపకుండ్రి! తాగుతున్నయి!"

నిజమే. ఇద్దరూ కలిసి మాట్లాడుతుంటే పిల్లలు, ఎవరూ ఎత్తి పట్టుకోకుండానే, దగ్గర్లో ఉన్న పొదుగుల్ని తామే అందుకున్నాయి. ఇద్దరూ ఆశ్చర్యపోయి, "మంచిగ తాగుతున్నయి గదా," "అవునండి, ముద్దుగున్నయి," అని మెత్తగా మాట్లాడుకోగానే అవి తాగడం ఆపి, ఎవరో కొత్తవాళ్లు వచ్చారన్నట్టు అనుమానంగా చూశాయి. వాటికి తెలిసిన అమ్మానాన్నలు కొట్లాడుకునేవాళ్లే.

స్వరూప సెలవు పెట్టింది. వాళ్లమ్మకు డ్యూటీ అని చెప్పి, రోజూ పొద్దుటి బస్సుకు వచ్చి సాయంత్రం బస్సుకు పోయేది. పగలంతా ఇద్దరూ షెడ్డులో కూర్చుని, పిల్లల కోసం కొట్లాడేవాళ్లు. మొదట సరదాగానే ఉండేది. పెళ్లి పందిరి రంగు మీద ఒక పూట గడిచింది. మురహరి తల్లి కూరలో వేసే కారం మీద ఒక రోజు. పుట్టబోయే పిల్లల్ని ఏ బడిలో వేయాలనే దాని మీద మరో రోజు. తర్వాత తగువులు అయిపోయాయి. ఇద్దరూ విషయాలు వెతుక్కోవలసి వచ్చింది. వెతుక్కుని కొట్లాడేవాళ్లకు దొరకకూడనిది దొరుకుతుంది.

ఆ మధ్యాహ్నం మురహరి అలిసిపోయి ఉన్నాడు. గొంతు బొంగురుపోయింది. "పెండ్లయినంక గూడ ఆ మైకుల అరుసుకుంట కూసుంటవా?" అన్నాడు.

"అరుసుడా? అది నా నౌకరి."

"నౌకరైతె నౌకరి. ఇంట్లనన్న జర తగ్గించుకో."

"మీరు తగ్గించుకున్నరా?"

"నేను మొగోణ్ణి! నీ గొంతుకు జడిసే గదా ఆ ముందటి సంబంధపోళ్లు ఉరికిండ్రు!"

గొర్రెపిల్లలు హాయిగా తాగుతున్నాయి. స్వరూప ముఖం చూశాక, తన నోట్లోంచి ఏం వచ్చిందో మురహరికి తెలిసింది. ఆమె పోయి దాణా బస్తాల మీద, అటు తిరిగి కూర్చుంది. సాయంత్రం దాకా బస్సు లేదు. అతడు ఉన్నచోటే, తొట్టి అంచున కూలబడ్డాడు.

పిల్లలు తాగడం ఆపేశాయి. ఆమె దగ్గరికి కొన్ని, అతడి దగ్గరికి కొన్ని వెళ్లి ముట్టెలతో పొడిచి చూశాయి. ఇద్దరూ కదల్లేదు. నెలల తర్వాత ఆ షెడ్డులో నిశ్శబ్దం పరుచుకుంది.

అప్పుడు వినబడింది ఆ శబ్దం. నల్లమూతి గొర్రె చేస్తోంది. అరుపు కాదు. నోరు తెరవకుండా, గొంతులోనే గురగురమనిపించే చిన్న శబ్దం. ఈనిన గొర్రె తన పిల్లతో తప్ప ఎవరితోనూ అట్లా మాట్లాడదు. మురహరి చిన్నప్పుడు దాన్ని విన్నాడు, పుస్తకాల్లోనూ చదివాడు. ఈ షెడ్డులో మాత్రం ఎన్నడూ వినలేదు. వినబడే సందు అతడే ఇవ్వలేదు.

దాని పిల్ల మురహరి కాళ్ల దగ్గరుంది. దాని చెవి ఒకటి వెనక్కి తిరిగింది. కాసేపటికి రెండో చెవీ తిరిగింది. ఆ శబ్దం దానికి కొత్తదేమీ కాదు. అతడి గొంతు కింద, ఆమె గొంతు కింద అణిగిపోయి, కడుపులో ఉన్నన్నాళ్లూ అదీ వినిపిస్తూనే ఉండి ఉంటుంది. పిల్ల ఒక అడుగు వేసి ఆగింది. మురహరి ముఖంలోకి ఒకసారి చూసింది. ఆ తర్వాత తల్లి వైపు నడిచిపోయింది. నల్లమూతి దాని తోక కింద వాసన చూసి, వీపు నాకడం మొదలుపెట్టింది. పిల్ల మోకాళ్ల మీద వంగి పొదుగు పొడిచింది. తోక టపటపా ఆడింది.

పక్క గొర్రె కూడా గురగురమంది. ఆ పక్కది కూడా. ఒక్కొక్క చెవే తిరుగుతోంది.

మురహరి సంతోషం పట్టలేక లేచి నిలబడి, అరవడానికి నోరు తెరిచాడు. అంతే వేగంగా ఒక అరచేయి వచ్చి ఆ నోరు మూసింది. స్వరూప ఎప్పుడు లేచి వచ్చిందో అతడు చూడలేదు. ఆమె కళ్లు తడిగా ఉన్నాయి. గొర్రెల వైపే చూస్తోంది. కొంతసేపటికి చేయి తీసి, చెంగుకు తుడుచుకుని, సాయంత్రం బస్సు వేళకు సంచి తీసుకుని బయటికి నడిచింది.

మురహరి పిలవలేకపోయాడు. పిలిస్తే తల్లుల దగ్గరికి పోయిన పిల్లలన్నీ వెనక్కి వస్తాయి. గేటు దాకా ఆమె వెంట పరుగెత్తి, ముందుకొచ్చి, దండం పెట్టి, చెంపలు వేసుకుని, చేతులూపి ఏదేదో చెప్పబోయాడు. వాచ్‌మన్ నోరెళ్లబెట్టి చూశాడు. బస్సు వచ్చింది. ఆమె ఎక్కి వెళ్లిపోయింది. తర్వాత అతడు గుట్ట అవతలికి పోయి ఎన్నిసార్లు ఫోన్ చేసినా ఎత్తలేదు.

షెడ్డులో మురహరి నోరు కట్టేసుకున్నాడు. కుర్మయ్యతో సైగలే. కుర్మయ్య పలక ఒకటి తెచ్చిచ్చాడు. అలవాటు లేని పని కాబట్టి మురహరికి మొదట్లో దవడలు నొప్పి పుట్టాయి. రోజులు గడిచే కొద్దీ పిల్లలు అతడి పక్క నుంచి పోతూ ఆగడం మానేశాయి. నల్లమూతి మేత తినసాగింది.

అలా ఉండగా డైరెక్టరు గారు దాణా కంపెనీ పెద్దల్ని వెంటబెట్టుకుని వచ్చాడు. "మా మురహరి గారు పిలిస్తే చాలండీ, పుట్టిన పిల్లలు మిలిటరీ లాగా వచ్చి నిలబడతాయి! పిలవండి మురహరి గారూ."

మురహరి తల అడ్డంగా ఊపాడు.

"పిలవండి! మొహమాటం ఎందుకండీ?"

మురహరి పలక మీద రాసి చూపించాడు. 'పిలిస్తే తల్లుల్ని వదిలేస్తయి.'

డైరెక్టరు గారి ముఖం ఎర్రబడింది. తనే "రండి, రండి" అని చప్పట్లు కొట్టాడు. ఒక పిల్ల తల తిప్పి చూసి, మళ్లీ పొదుగులో పడింది. కంపెనీ పెద్దమనిషి కళ్లద్దాలు సర్దుకుని షెడ్డంతా కలియజూశాడు. ప్రతి గొర్రె కింద ఒక పిల్ల, ప్రశాంతంగా పాలు తాగుతోంది.

"ఇందులో విశేషమేముందండీ?" అన్నాడు. "ఎక్కడైనా గొర్రెపిల్లలు చేసేది ఇదే కదా!"

వాళ్లు వెళ్లిపోయాక డైరెక్టరు గారు మురహరిని గదిలోకి పిలిచాడు. తలుపు మూశాక మురహరి నోరు విప్పాడు. ఈ లడ్డూ తిన్న గొర్రె పక్కన రెండు నెలలు మనిషి మాట్లాడకూడదు, అట్లా కాదంటే ఎవరు మాట్లాడితే వాళ్లే తల్లి, కాబట్టి దీన్ని ఇప్పుడే మందల్లోకి పంపొద్దని చెప్పాడు. తోడుగా వచ్చిన కుర్మయ్య కూడా కల్పించుకున్నాడు. "గొర్లకాపరి నోరు మూసుకుంటె ఎట్ల సారూ? గొర్లన్ని పక్కోని చేన్ల వడ్తయి." పిల్లలు త్వరగా నిలబడిన సంగతి ఒక్కటి రాసి మిగతాది వదిలేయమన్నాడు డైరెక్టరు. మురహరి రెండూ రాస్తానన్నాడు. మరుసటి వారానికల్లా నాచు నూనె పని ఆగిపోయింది. ఇన్నేళ్ల కష్టం పోయింది. మురహరి బాధపడ్డాడు గాని, అతడికి అంతకంటే పెద్ద బాధ మరొకటి ఉంది.

జిల్లా బస్టాండులో విచారణ కౌంటరు ముందు జనం క్యూలో ఉన్నారు. మురహరి చివర నిలబడ్డాడు. తన వంతు వచ్చాక కిటికీలోంచి స్వరూప తలెత్తి చూసింది. ముఖంలో ఏ మార్పూ లేదు.

"యాడికి వోవాలె?"

"యాడికి వోను. నీతోని..."

"పొయ్యేది లేకుంటె జరుగుండ్రి. ఎనుక జనమున్నరు."

మురహరి కిటికీ మీదికి ఇంకా వంగాడు. "అట్ల అనొద్దు స్వరూపా. తప్పు నాది. ఎవడో నీ గొంతుకు జడిసి ఉరికితె, ఆ మాటను దెచ్చి నీ మీదికే ఇసిరిన. నువ్వు మాట్లాడుతుంటె నాకు మంచిగనిపిస్తది. కొట్లాట ఒక సాకు. అందుకే రోజూ ఫోన్ జేసేటోణ్ణి."

మైకు ఆన్‌లో ఉంది. రాయచూరు ప్లాట్‌ఫారం మీదా, కర్నూలు ప్లాట్‌ఫారం మీదా, చాయ్ దుకాణం ముందరా ఆ మాటలు గణగణమోగాయి. బస్టాండంతా ఆగిపోయింది. ఒక డ్రైవరు ఇంజన్ ఆపి కిటికీలోంచి తల బయటపెట్టాడు. క్యూలో వెనక మూట పట్టుకున్న ముసలమ్మ ఇక ఓర్చుకోలేకపోయింది.

"ఒప్పుకోరాదు బిడ్డా! ఇంతమందిల అడుగుతుండు. నా బస్సు వోతుంది!"

స్వరూప మైకు కట్టేసింది. ఆమె పెదవుల చివర నవ్వులాంటిదేదో కదిలింది గాని, దాన్ని వెంటనే మింగేసింది. "నా డ్యూటీ అయ్యేదాంక ఆ బెంచి మీద కూసోండ్రి," అంది. "మాట్లాడకుంట."

అతడు కూర్చున్నాడు. డ్యూటీ అయ్యాక ఆమె వచ్చి, మధ్యలో సంచి పెట్టి, ఆ చివర కూర్చుంది. తర్వాత తనే చెప్పడం మొదలుపెట్టింది. ఆ మొదటి సంబంధం పోయాక ఇంట్లో ఎన్ని నెలలు గుసగుసగా మాట్లాడిందో చెప్పింది. అన్నం వడ్డించమని అడగడానికి కూడా సైగలు చేసేదట. ఈ కౌంటరులో కూర్చున్న మొదటి రోజు, మైకులో తన గొంతు విని ఒక ముసలాయన సరైన బస్సెక్కి, కిటికీలోంచి చేయూపితే, బాత్‌రూములోకి పోయి ఏడ్చిందట. పాముల సంగతి కూడా ఊరికే అన్నది కాదని, చిన్నప్పుడు చిన్నాన్న కొడుకు పాము కరిచి తన కళ్లముందే పోయాడని చెప్పింది.

ఒక్కో మాటకూ మురహరి నాలుక చివర ఒక జవాబు వచ్చి నిలబడుతోంది. ఒక్కొక్కటే మింగేస్తున్నాడు. బస్సులు వస్తున్నాయి, పోతున్నాయి. ఎర్రగుట్ట బస్సు కూడా వచ్చి, ఆగి, వెళ్లిపోయింది.

స్వరూప ఆగి అతడి వైపు చూసింది. "ఇంటున్నరా?"

మురహరి తల ఊపాడు.

"ఊఁ అన్న కొట్టుండ్రి మరి. గోడకు జెప్పినట్టుంది."

"ఊఁ," అన్నాడు మురహరి.

ఆమె సంచి తీసి ఒళ్లో పెట్టుకుని, మిగిలింది చెప్పసాగింది.